బుధవారం తోడు

ఇంటర్వ్యూలో నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు. మంచంలో ఉన్న మనిషిని ఎప్పుడైనా చూసుకున్నావా అని. మా అమ్మను ఆరేళ్లు చూసుకున్నానని చెప్పాను.

పక్షవాతంతో అమ్మకు కుడివైపు పడిపోయింది. అప్పుడు మేము ధర్మవరంలో ఉండేవాళ్లం. నా భార్య పట్టుచీరల అంగట్లో పనికి పోయేది. నేను ఇంట్లోనే గుంత మగ్గం మీద కూర్చునేవాణ్ని కాబట్టి అమ్మ పని నా వంతుకు వచ్చింది. స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం, సంగటి మెత్తగా పిసికి నోట్లో పెట్టడం, అన్నీ చేశాను. అందులో చెప్పుకోవాల్సింది ఏదో ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. ఆమె పోయిన ఏడాదే, మాకు పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు పవర్‌లూముల వైపు మళ్లాడు. మగ్గం విప్పేసి నా భార్య పుట్టినూరు కదిరికి వచ్చేశాం.

కదిరిలో ఒక స్వచ్ఛంద సంస్థ మనుషుల కోసం చూస్తోందని మా బామ్మర్ది చెప్పాడు. ఎక్కడో దూరాన ఉన్న దాతలు మూడేళ్లకని ఇచ్చిన డబ్బుతో నడిచే పని అది. ఇంట్లో కాళ్లూ చేతులూ ఆడని బిడ్డనో, భర్తనో, అన్ననో ఏళ్ల తరబడి చూసుకుంటున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు జీతం ఉండదు, సెలవు ఉండదు. జ్వరం వచ్చినా మారు మనిషి ఉండడు. వారానికి ఒక రోజు మేం పోయి ఆ ఇంట్లో కూర్చుంటే వాళ్లు ఎక్కడికైనా పోయి రావచ్చు. అంతే పని. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఉండేది. ఊళ్లలో జనం మమ్మల్ని తోడు మనుషులన్నారు. ఆ పేరే నిలిచింది.

మగవాళ్ల దగ్గర కూర్చోవడానికి మగవాళ్లు కావాలి. ఆ పనికి మగవాళ్లు ఎవరూ దరఖాస్తు పెట్టలేదట. నన్ను వెంటనే తీసుకున్నారు. నడుము పట్టకుండా మనిషిని ఎలా ఎత్తాలో, రెండు గంటలకోసారి ఎలా పక్కకు తిప్పాలో, పడకపుండు రాబోయే ముందు చర్మం ఏ రంగులోకి మారుతుందో పదిహేను రోజులు నేర్పారు. సగం నాకు తెలిసినవే. తెలియనివి నేర్చుకుంటున్నప్పుడు మా అమ్మ విషయంలో నేను చేసిన తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

నాకు ఐదు ఇళ్లు ఇచ్చారు, రోజుకొకటి. బుధవారం ఇల్లు తనకల్లు దాటి, ఆటో దిగి కొంత నడిస్తే వచ్చే చిన్న ఊళ్లో ఉంది. బండలు పరిచిన పాత మిద్దె, రెండు గదులు. ఉండేది తండ్రీ కొడుకూ ఇద్దరే. కొడుకు పందొమ్మిదేళ్ల వయసులో బెంగళూరికి సెంట్రింగ్ పనికి పోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. కాళ్లు లేవవు, నడుము నిలవదు. చేతులు భుజాల దాకా ఆడతాయి కానీ వేళ్లు పట్టవు. నేను పోయేనాటికి అలా తొమ్మిదేళ్లయింది. అతను పడిన మూడో ఏట తల్లి చనిపోయింది. అక్క పెళ్లయి బాగేపల్లి వైపు ఉంది. తండ్రి గొర్రెల కాపరి. నూరు దాకా గొర్రెలు ఉండేవట. కొన్ని ఆసుపత్రి ఖర్చులకు పోయాయి. మిగిలినవి, మేపేవాడు లేక అమ్మేశాడు.

మొదటి బుధవారం ఆయన వాకిట్లోనే నన్ను నిలబెట్టాడు. సన్నటి మనిషి. తలకు తువ్వాలు, చేతిలో ఏమీ లేదు, అయినా చెయ్యి కర్ర పట్టుకున్నట్టే ముడుచుకుని ఉండేది.

"నువ్వు మగ్గం నేసేటోనివంట గదప్పా. మనిషిని ఎత్తేది వస్తాదా నీకు?"

"మా అమ్మను ఎత్తేవాణ్ని పెద్దాయనా."

"మీయమ్మ ఎంత బరువుండ్య?"

"ఆఖర్లో ముప్పై ఐదు కిలోలు ఉంటుందేమో."

"వీడు డెబ్బై."

లోపలి నుంచి నవ్వు వినపడింది. "రానీ నాయనా, చూస్తాం. ఎత్తలేకుంటే ఇద్దరం కింద పడతాం."

ఎత్తాను. పడలేదు. ఆ రోజంతా తండ్రి ఎక్కడికీ పోలేదు. వాకిలి పక్క తిన్నె మీద కూర్చుని, అరగంటకోసారి తల లోపలికి పెట్టి చూశాడు. నేను కొడుకును పక్కకు తిప్పుతుంటే వచ్చి నా చెయ్యి తీసేసి తనే తిప్పాడు. మూత్రం సంచి మార్చేటప్పుడు గొట్టం మడత పడకుండా ఎలా పెట్టాలో చూపించాడు. నాకు నేర్పినదానికంటే ఆయన పద్ధతే బాగుంది. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

రెండో బుధవారమూ అంతే. మూడోదీ అంతే. మేం ప్రతి శనివారం ఆఫీసులో ఒక కాగితం నింపి ఇవ్వాలి. అందులో ఒక గడి ఉండేది: ఆ సమయంలో ఇంటి మనిషి ఏం చేశారు? కూలి, వైద్యం, బంధువుల ఇల్లు, ఇతరం. నేను ఇతరం దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'తిన్నె మీద కూర్చున్నాడు' అని రాశాను. మూడు వారాలు అదే రాసేసరికి ఆఫీసు చూసుకునే మేడం నన్ను పిలిచింది.

"ఆయన్ను ఎట్లైనా బయటికి పంపాలన్నా. మనమిచ్చేది ఆయనకు తీరిక. తిన్నె మీద కూర్చుంటే అది తీరికెట్ల అవుతుంది?"

"ఆయనకు నా మీద నమ్మకం లేదు మేడం."

"వచ్చేదాకా పోతా ఉండు మరి."

ఆమె మంచి మనిషి. ఆమె కాగితాలు పైకి పోవాలి, పైవాళ్లవి ఇంకా పైకి పోవాలి. అది నాకు అర్థమయ్యేది.

ఐదో వారమో ఆరో వారమో, పొద్దున నేను పోయిన కాసేపటికి ఆ వీధిలోనే ఉండే గొర్రెల మనిషి ఒకడు తిన్నె దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్లవాడు. వరసకు ఈయన్ను మామా అంటాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కంబళి కప్పుకుని వణుకుతున్నాడు.

"మామా, ఈ పొద్దుకు గొర్రెల్ని ఆ గుట్ట దంకా తోలకపోయి వస్తావా? జొరమప్పా, నిలబడేకి అయితా లేదు."

పెద్దాయన లోపలికి చూశాడు. నా వైపు కాదు, కొడుకు వైపు.

"పో నాయనా," అన్నాడు కొడుకు.

"పన్నెండుకు పక్కకు తిప్పల్ల."

"తిప్పుతాడు పో."

ఆయన పోయాడు. పది అడుగులు పోయి వెనక్కి వచ్చి, నీళ్లు గ్లాసుతో కాదు, గొట్టంతో తాపాలని చెప్పాడు. మళ్లీ పోయి మళ్లీ వచ్చి, కిటికీ రెక్క మధ్యాహ్నం మూయాలని చెప్పాడు. మూడోసారి రాలేదు.

పొద్దు వాలేవేళ తిరిగి వచ్చాడు. పంచె నిండా పల్లేరుకాయలు, మోచేతి మీద ముల్లు గీసిన గీత. గొర్రెల వాసన గదంతా నిండింది. పెద్దాయన మంచం అంచున కూర్చుని, మేం అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. గుట్ట వెనకాల వంకలో ఇంకా పచ్చిక ఉందట. ఆ మందలో నల్లగొర్రె ఒకటి నాలుగు దినాల్లో ఈనుతుందట, వాడు దాన్ని గమనించనే లేదట. ఒక పొట్టేలుకు గిట్టలో పుండు ఉందట. "వానికి కండ్లు లేవప్పా, అన్ని గొర్రెలు పెట్టుకోని" అని తిట్టాడు. అన్ని వారాల్లో ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం అదే మొదలు. రాత్రికని పెట్టుకున్న రాగిముద్ద అప్పుడే తినేశాడు, ఊరిబిండి పచ్చడి నంజుకుని, వేళ్లు నాక్కుంటూ.

కొడుకు తండ్రిని చూస్తూ ఉన్నాడు. ఆ చూపును నేను వర్ణించలేను. కొత్త మనిషి ఎవరో వచ్చినట్టు చూశాడని మాత్రం చెప్పగలను.

తర్వాతి బుధవారం నేను పోయేసరికి పెద్దాయన కర్ర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గొర్రెల మనిషికి జ్వరం తగ్గిపోయింది. అయినా మందను ఈయనకు అప్పజెప్పి ఇంట్లో పడుకున్నాడు. వానికీ వారానికి ఒక సెలవు దొరికింది. గొర్రెలకు సెలవు ఉండదు కాబట్టి పెళ్లయినప్పటి నుంచి వాడు ఒక పగలు ఇంట్లో పడుకుని ఎరగడట. నేను కాగితంలో 'గొర్రెలు మేపాడు' అని రాశాను. మేడం దాన్ని కూలి కింద వేయవచ్చా అని అడిగింది. కూలి ఇవ్వడం లేదని చెప్పాను.

ఇక మేమిద్దరమే మిగిలే పగళ్లు మొదలయ్యాయి. ఆ కుర్రవాడికి, కుర్రవాడంటున్నాను కానీ ఇరవై ఎనిమిదేళ్లవాడు, చేతి కణుపులతో ఫోను నొక్కడం బాగా వచ్చు. వార్తలు చూస్తాడు, క్రికెట్ చూస్తాడు. ఎక్కువ మాట్లాడడు. ఒకరోజు గడ్డం గీస్తుంటే అడిగాడు.

"అన్నా, ఆ మూలలో గోనెపట్ట కింద ఏముందో చూసినావా?"

చూశాను. చక్రాల కుర్చీ. సంస్థ వాళ్లే ఏడాది కిందట ఇచ్చింది. ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా విప్పలేదు.

"మా నాయన బయటికి తీసకపోడు. జనం చూస్తారంటాడు. చూడనీలే, చూసేకే గదా కండ్లుండేది. రోడ్డు మీద టీ హోటలు ఉండాది. ఆడికి పోదామన్నా."

"మీ నాయన్ను అడుగుదాం."

"అడిగితే వద్దంటాడు. ఆయప్ప గుట్టకు పోతాండాడు గదా. ఆయప్ప వచ్చేలోపల మనం వచ్చేద్దాం. చెప్పొద్దన్నా."

ఇంటి మనిషికి తెలియకుండా ఏ పనీ చేయకూడదని మాకు గట్టిగా చెప్పారు. ఆ మాట నాకు గుర్తుంది. అయినా తీసుకుపోయాను.

రోడ్డు దాకా రెండు వందల గజాలు ఉంటుంది. వీధిలో కంకర లేచి ఉంది. కుర్చీ ఎగిరెగిరి పడింది. హోటలంటే నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక నీళ్ల డ్రమ్ము. నడిపేది ఒక నడివయసు ఆడమనిషి. మేం పోయేసరికి బల్లల మీది మాటలు ఆగిపోయాయి. ఆమె నన్ను చూసి, "ఈయప్పకు చక్కెర ఎంత వెయ్యల్ల?" అంది.

"నన్ను అడుగక్కా," అన్నాడు అతను. "తాగేది నేను."

ఆమె అతని వైపు తిరిగి, "ఎంత వెయ్యల్లప్పా?" అని అతన్నే అడిగింది.

"రెండు చెంచాలు."

గొట్టంతో టీ తాగాడు. వేడికి నాలుక కాలింది. బల్ల మీద ఉన్న ఒకతను దగ్గరికి వచ్చి, పేరు పెట్టి పిలిచి, ఏడో తరగతిలో కలిసి చదివామని చెప్పాడు. ఊరు అంత చిన్నది. తొమ్మిదేళ్లలో వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

అలా రెండు నెలలు నడిచింది. బుధవారం పదకొండుకు పోతే ఒంటిగంటకు వచ్చేవాళ్లం. కాగితంలో ఇంటి మనిషి ఏం చేశాడో రాసేవాణ్ని. మంచంలో మనిషి ఏం చేశాడని అందులో అడగలేదు. నేనూ రాయలేదు.

మార్చి నెలలో ఒక బుధవారం అక్కడ పంచాయితీ గురించి ఏదో వాదన జరుగుతోంది. అతను మాటల్లో పడ్డాడు. నేనూ వింటూ కూర్చున్నాను. రేకుల నీడ జరిగిపోయింది. అతని ఒళ్లు నీడలోనే ఉంది, పాదాలు మాత్రం ఎండలోకి వచ్చాయి. చెప్పులు వేయలేదు. కుర్చీకి కాళ్లు పెట్టుకునే ఇనుప రేకు ఉంటుంది. అది ఎంత కాలిందో అతనికి తెలియదు, ఆ కాళ్లకు తెలియదు. చూడాల్సింది నేను. ఇంటికి వచ్చాక మంచంలో పడుకోబెట్టి దుప్పటి కప్పాను. పాదాలు చూడలేదు.

మర్నాడు పొద్దున స్నానం చేయిస్తూ తండ్రి చూశాడు. కుడి మడమ మీద అరచేయంత బొబ్బ, పగిలి ఉంది.

మేడం ఫోను చేసినప్పుడు నేను వేరే ఇంట్లో ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. టీ హోటలు సంగతి కూడా. ఆమె అంతా విన్నది. తర్వాత, "నువ్వే పోయి చెప్పన్నా," అంది.

శుక్రవారం ఇల్లు ముగించుకుని సాయంత్రం పోయాను. పెద్దాయన గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి రావద్దు."

"తప్పు నాది పెద్దాయనా. చెప్పకుండా తీసుకుపోయాను. కాళ్లు చూసుకోలేదు."

"తొమ్మిదేండ్లు. ఒక్క పుండు లేదు వాని ఒంటి మీద. డాక్టర్లే అడిగినారు నన్ను, ఎట్ల చూసుకుంటాండావని. నువ్వు వచ్చినావు. మగ్గం నేసేటోనికి బిడ్డను అప్పజెప్పి నేను గొర్రెల ఎనక పోతి. నాదే బుద్ధి తక్కువ."

నేను గడప దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాను.

కదిరి ఆసుపత్రిలో చూపించారు. మానడానికి నెలలు పడుతుందన్నారు. నా బుధవారాన్ని ఆఫీసు వాళ్లు ఖాళీగా ఉంచారు. ప్రతి ఆదివారం నేను కట్టుగుడ్డలు, మందు కొనుక్కుని బస్సెక్కి పోయేవాణ్ని. తిన్నె మీద పెట్టి, "పెట్టినాను పెద్దాయనా" అని చెప్పి వెనక్కి వచ్చేవాణ్ని. ఆయన బయటికి వచ్చేవాడు కాదు. వచ్చే ఆదివారానికి పొట్లం తిన్నె మీద ఉండేది కాదు కాబట్టి తీసుకున్నాడని తెలిసేది. నా భార్య, "ఎన్ని వారాలు పోతావు?" అని అడిగింది. పుండు మానేదాకా అన్నాను. అది నిజమైన జవాబు కాదు. ఎన్ని వారాలో నాకూ తెలియదు.

నాలుగో ఆదివారం పోయేసరికి గొర్రెల మనిషి వాకిట్లో ఉన్నాడు. గట్టిగా మాట్లాడుతున్నాడు.

"మామా, నీ కోపం నీది. నా బుధవారం ఏం చేసింది? నెల దినాలాయె, ఒక్క పొద్దు పండుకోలేదు. ఇదిగో వచ్చినాడు, ఈయప్పతో తేల్చుకో."

"పండుకో పో. నా కొడుకు కాలు కాల్చినాడు, వానితో నాకేం మాట?"

అప్పుడు లోపలి నుంచి కొడుకు మాట్లాడాడు. అరవలేదు.

"నాయనా, పుండు అయ్యింది నా కాలికి. పోదామన్నది నేను. నాకు నొప్పి కూడా లేదు. నువ్వెందుకు ఇంతగా చేస్తాండావు?"

"నొప్పి లేదు గనకనే రా నాకు భయం!" అన్నాడు పెద్దాయన. "నొప్పి ఉంటే నువ్వే చెప్తావు. లేదు గనక నేను చూడల్ల. నేను యాడన్నా పోతే చూసేదెవరు?"

గొర్రెల మనిషి తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"మంచంలోనే ఉంటే కాలు కాలదు," అన్నాడు కొడుకు. "తొమ్మిదేండ్లు అదే చేసినాం గదా నాయనా. నాకు చాలు."

పెద్దాయన తిన్నె మీద కూర్చున్నాడు. నా వైపు తిరిగి, చేతిలోని పొట్లం తీసుకుని, "కట్టు కట్టేది చూపిస్తా, లోపలికి రా," అన్నాడు. పుండు సగం మానింది. ఆయన కట్టిన కట్టు నర్సులు కట్టినదానికంటే శుభ్రంగా ఉంది. అది విప్పి, మళ్లీ కట్టి, నాతోనూ ఒకసారి కట్టించాడు.

తర్వాతి బుధవారం ఆయన పెట్టెలో నుంచి ఒక పాత కంబళి తీశాడు. తన గొర్రెల బొచ్చుతోనే నేయించినదట. దాన్ని కత్తిరించి, కుర్చీ రేకు మీదికి రెండు మందపాటి మెత్తలు చేయాలన్నాడు. అంచులు ఊడిపోకుండా కుట్టే పని నాకు ఇచ్చాడు. "ఇది నీకు వస్తాది గదా," అన్నాడు. వెక్కిరించాడో లేదో చెప్పలేను. పుండు పూర్తిగా మానాక మొదటిసారి టీ హోటలుకు పోయినప్పుడు ఆయన కూడా మా వెంట వచ్చాడు. టీ తాగలేదు. కొడుకు పాదాల దగ్గర గొంతుక్కూర్చుని, మాటిమాటికీ ఇనుప రేకు మీద చెయ్యి పెట్టి చూశాడు. రెండోసారీ వచ్చాడు. మూడో బుధవారం కర్ర తీసుకుని గుట్టకు పోయాడు.

మూడో ఏడు సగంలో దాతల తరఫున ఇద్దరు చూడటానికి వచ్చారు, మా మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పే ఆయన్ను వెంటబెట్టుకుని. మేడం వాళ్లను తీసుకుపోయిన ఇళ్లలో ఇదొకటి. వచ్చినవాళ్లలో ఒకామె పెద్దాయన పక్కన తిన్నె మీదే కూర్చుంది. ఆ సమయంలో మీరేం చేస్తారని అడిగింది.

"గొర్రెల ఎనకాల తిరుగుతా."

దానివల్ల ఆదాయం ఏమైనా వస్తుందా అని అడిగారు.

"దుడ్లెందుకిస్తాడమ్మా? గొర్రెలు వానివి, కాళ్లు నావి."

మరి ఎందుకు పోతారని అడిగారు. పెద్దాయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మార్చి చెప్పే ఆయన ఇంకో విధంగా అడిగాడు. పెద్దాయన మేడం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏం చెప్పల్లప్పా నేను?" అన్నాడు. చివరికి, "ఆడ ఉంటే నేను గొర్రెలోన్ని. ఈడ ఉంటే వీని నాయనను," అన్నాడు. మార్చి చెప్పే ఆయన ఇంగ్లీషులో దాన్ని ఎంత చెప్పాడో నాకు తెలియదు. ఆయన చెప్పింది మాత్రం చిన్నగా ఉంది. ఆమె తల ఊపి రాసుకుంది. కొడుకును కూడా పలకరించి, మీకు ఈ పథకం వల్ల ఏం మేలు జరిగిందని అడిగింది. "వారానికి ఒక దినం నా గురించి ఎవరూ భయపడరు," అన్నాడు.

మూడేళ్లు అయ్యాక డబ్బు రాలేదు. వాళ్లు మోసం చేయలేదు. మొదటి రోజే మూడేళ్లని చెప్పారు. ఇక నుంచి కుట్టుమిషన్లు, కోళ్ల పెంపకం లాంటి వాటికి ఇవ్వాలని వాళ్లు నిర్ణయించుకున్నారని మేడం మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. మాకెవరికీ ఏడుపు రాలేదు. ఏ ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాం.

నా ఐదు ఇళ్లలో మూడింట్లో పాత రోజులే మళ్లీ వచ్చాయి. ఒక ఇంట్లో చూసుకునే తల్లి, "అలవాటు చేయకుండా ఉంటే బాగుండేదప్పా," అంది. నాలుగో ఇంట్లో తోడికోడళ్లు ఇద్దరూ వంతులు వేసుకున్నారు. బుధవారం ఇంట్లో గొర్రెల మనిషే కూర్చుంటానన్నాడు. మనిషిని తిప్పడం, ఎత్తడం రెండు వారాలు నా దగ్గర నేర్చుకున్నాడు. మంద పెద్దాయనకిచ్చి, ఆయన కొడుకు పక్కన నీడలో కూర్చునేవాడు. ఎండాకాలం వచ్చి మేత లేకపోయేసరికి గొర్రెలు తోలుకుని కర్ణాటక వైపు పోయాడు. మేత కరువైన ఏడు గొర్రెలవాళ్లందరూ అలాగే పోతారు. నాలుగు నెలలు పెద్దాయన మళ్లీ తిన్నె మీదే ఉన్నాడు.

ఆ నాలుగు నెలల్లో కొడుకు ఉత్తరాలు మొదలుపెట్టాడు. ఫోనులో నోటితో చెబితే అక్షరాలు పడతాయి కదా, అలా. ఇలాంటి పనులకు డబ్బిచ్చే సంస్థల చిరునామాలు వెతికి పట్టుకునేవాడు. రాసినవి నాకు పంపి తప్పులు దిద్దమనేవాడు. 'తోడు మనిషి' అని చెబితే ఆ ఫోను 'తోడు మినీ షీ' అని రాసేది. నేను కదిరిలో ఒక చీరల అంగట్లో చేరాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక దిద్ది పంపేవాణ్ని. ఉత్తరం ఇలా ఉండేది: మా నాయన ముసలివాడు, ఇరవై నాలుగు గంటలూ నాతోనే ఉన్నాడు, మాకు వారానికి రెండు దినాలు ఒక మనిషి కావాలి, మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా మూడు ఇళ్లున్నాయి, వాళ్ల నెంబర్లు ఇవి. ఇంతే రాసేవాడు. జాలి మాటలు పెట్టమని నేను ఒకసారి చెప్పాను. "వద్దన్నా," అన్నాడు.

చాలామంది జవాబు ఇవ్వలేదు. కొందరు ఫారాలు పంపారు. ఫారాల్లో సంస్థ రిజిస్ట్రేషను నెంబరు అడుగుతారు, అతను ఒట్టి మనిషి. మేడం అప్పటికే వేరే చోట పనిచేస్తోంది, అయినా తన పాత సంస్థ పేరు మీద దరఖాస్తు పెట్టించింది. ఏడాది తిరిగేలోపు బెంగళూరులో ఒక చిన్న ట్రస్టు ఒప్పుకుంది. నాలుగు ఇళ్లు, ఒక మనిషి, ఒక ఏడాది.

ఆ మనిషిగా నన్నే పిలుస్తారని అనుకున్నాను. కదిరి నుంచి రోజూ రావడం కుదరదని, ఆ ఊరివాణ్నే ఒక తాపీ మేస్త్రీని తీసుకున్నారు. మోకాళ్లు అరిగి గోడ పని మానేసిన మనిషి. సబబైన పనే. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అతనికి పని నేర్పడానికి అంగట్లో సెలవు పెట్టి పోయాను. చేతులు మొరటుగా ఉన్నా ఎత్తడంలో నాకంటే మేలు. పెద్దాయన అతన్ని నా అంత సతాయించలేదు. మధ్యాహ్నానికే గుట్టకు పోయాడు. ఆయన నడక కొంచెం నెమ్మదించింది.

మొన్న కొడుకు ఫోను చేశాడు. కొత్తాయన ఎలా ఉన్నాడని అడిగాను.

"బాగుండాడన్నా. అన్నం తిని నిద్రపోతాడు. ఒక గంట గుర్రు పెడతాడు."

"ఆఫీసుకు చెప్పావా?"

"చెప్పను. తిప్పే టైముకు నేనే లేపుతా." గొంతు తగ్గించి అన్నాడు, "ఆ గంట ఇంట్లో నేనొక్కన్నే ఉన్నట్టు ఉంటాదన్నా. పడినప్పటి నుంచి ఒక్కన్నే ఉండిందే లేదు."

అంగట్లో ఎవరో పిలిస్తే ఫోను పెట్టేశాను.